వేడి డిస్కు మీద అచ్చు

సుల్తానాబీ కోడలితో మాట్లాడదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే మనవరాలు ఇక్రాకు చెబుతుంది. ఇక్రా బడికి పోయిన వేళల్లో గోడకు చెబుతుంది. బిజినేపల్లి బయట, నాగర్‌కర్నూల్ రోడ్డు మీద ఉన్న తమ్ముడు చాంద్ పాషా మెకానిక్ షెడ్డులో గోడలు కూడా లేవు. అందుకని ఆ బుధవారం మధ్యాహ్నం రేకులను మోసే ఇనుప గుంజకు చెప్పింది.

“ఈ మన్హూస్, పాడు బండిని అమ్మేయమని చెప్పు. దీంట్ల నా కొడుకు కాలు ఉన్నది.”

గుంజ ఏమీ అనలేదు. కోడలు తరన్నుమ్ కూడా ఏమీ అనలేదు. పికప్ బండి తాళంచెవి చాంద్ పాషా చేతిలో పెట్టి, చున్నీ తల మీదికి లాక్కుని, అత్తకు ఎదురుపడకుండా బండికి అవతలి పక్క నిలబడింది.

“ఏమైతున్నది బిడ్డా?” అని అడిగాడు చాంద్ పాషా.

“బ్రేకు తొక్కితే పెడలు వణుకుతున్నది మామూ. ఘాటు దిగేటప్పుడు ఇంకింత ఎక్కువ. స్టీరింగు గూడ ఊగుతది.”

“ఎప్పటిసంది?”

“నేను నడపవట్టినప్పటిసందే అనుకో. మొదాలు జరంత ఉండె. ఇప్పుడు అరికాలు మొత్తం గుంజుతది.”

“అగో, ఇన్నవా?” అంది సుల్తానాబీ గుంజతో. “వాడే. బ్రేకు తొక్కుదామని సూస్తుండు. అప్పుడు తొక్కనోడు ఇప్పుడు తొక్కుతుండు.”

చాంద్ పాషాకు అక్క అంటే భయమూ ఉంది, ప్రేమా ఉంది. దయ్యాలంటే మాత్రం రెండూ లేవు. ఇంజన్లను విప్పి బిగించడంలో తల నెరిసిన మనిషి. బండిలో వచ్చే ప్రతి చప్పుడుకూ ఒక బోల్టో బేరింగో కారణం ఉంటుందని నమ్ముతాడు. కానీ ఈ బండి దగ్గర నోరు చేసుకోలేదు. పోయిన రంజాన్ నెలలో దీన్ని నడుపుతూనే మేనల్లుడు రెహాన్ పోయాడు. వనపర్తి మార్కెట్లో కూరగాయలు ఎత్తుకుని దోమలపెంటకు పోతూ, నల్లమల ఘాటు రోడ్డు దిగేచోట మలుపులో రాతిగోడకు గుద్దుకున్నాడు. స్టీరింగు రొమ్ములో దిగింది. దవాఖాన చేరలేదు.

రోడ్డు మీద టైరు గీతలు లేవు కాబట్టి బ్రేకు తొక్కలేదన్నారు చూసినవాళ్లు. బ్రేకు తొక్కలేదు కాబట్టి నిద్రపోయాడన్నారు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు గానీ, రెహాన్ విషయంలో ఊరు ఆ మర్యాద కూడా పాటించలేదు. సుల్తానాబీ ఊరి మాటను ఇంట్లోకి తెచ్చుకుని దానికి మరో ముడి వేసింది. తెల్లవారకముందే సహరీ తిండికి లేచి, మళ్లీ కన్ను వాల్చకుండా, రోజా పట్టి ఉన్నవాణ్ని బండి ఎక్కించింది ఎవరు? టమాటలు కుళ్లిపోతాయి, ఈ ఒక్క ట్రిప్పు వేసిరా అన్నది ఎవరు? తరన్నుమే. ఆ మాటను తరన్నుమ్ కాదనలేదు. భర్త బండిని తానే నడుపుతూ, అదే సరుకును అదే ఘాటులో దింపుతూ వచ్చింది. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలుగుతున్నాయి. కోడలు చేసింది అత్త ముట్టదు.

చాంద్ పాషా ఎడమ ముందు చక్రం కింద జాకీ పెట్టాడు. బండి లేచాక స్టాండు జరిపి, చక్రం విప్పి పక్కకు దొర్లించాడు. బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ బోల్టులు తీసి, అది నూనె పైపు మీద వేలాడకుండా ఒక తీగతో స్ప్రింగుకు కట్టాడు. ఈ తీగ కట్టని మెకానిక్‌ను చూస్తే అతనికి ఒళ్లు మండుతుంది. ప్యాడ్లు బయటికి లాగి చూశాడు. వాటి మీది రాపిడి మసాలా మొత్తం అరిగి, రేకు తేలడానికి సిద్ధంగా ఉంది.

“ప్యాడ్లు అయిపోయినయి. కొత్తయి ఎయ్యాలె.”

“ఆ ప్లేట్లు గూడ పారెయ్యి,” అంది సుల్తానాబీ. “వాడున్నప్పటివి ఏవీ ఉండొద్దు.”

“సూసినంక చెప్త ఆపా.”

ఆమె ప్లేట్లన్నది చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కులను; బ్రేకు తొక్కితే ప్యాడ్లు నొక్కేది వాటినే. డిస్కును కొలవకుండా పారేయకు, కొలవకుండా ఉంచకు అన్నది చాంద్ పాషా నేర్చుకున్న పని. ప్యాడ్లు మారిన ప్రతిసారీ కొత్త డిస్కులు అంటగట్టే షాపుల మీద అతనికి కోపం, పాతదాన్ని చూడకుండానే కొత్త ప్యాడ్లు తగిలించే షెడ్ల మీద అంతకంటే కోపం. డిస్కును గుడ్డతో తుడిచాడు. బొటనవేలి గోరును మధ్య నుంచి అంచు దాకా లాగాడు. గోరు ఎక్కడా గాడిలో పడలేదు. అంచున చిన్న పెదవి లేచింది గానీ అది వయసు మాత్రమే. దానికి లోపలి పక్కన మైక్రోమీటరు పట్టి, డిస్కును కొంచెం కొంచెం తిప్పుతూ కొలిచాడు. డిస్కు మీద గుద్దిన కనీస మందం కంటే ఇంకా బాగానే మిగిలింది. పగుళ్లు లేవు.

తర్వాత వెలుతురు కోసం డిస్కును బయటి పక్కకు తిప్పాడు. అప్పుడు కనబడింది.

మెరిసే ఇనుము మీద ఒకచోట నల్లటి మచ్చ. నూనె మరక కాదు, తుప్పు కాదు. అంచులు తెగినట్టు స్పష్టంగా, సరిగ్గా ప్యాడు ఆకారంలో ఉంది. వేలితో రుద్దాడు. ఎమరీ కాగితంతో రుద్దాడు. పోలేదు. వెనక వైపు తడిమితే అక్కడా అదే.

“ఇదే వణుకు,” అన్నాడు. పని పట్టుబడిన సంతోషంలో మాట తానే బయటికి వచ్చేసింది. “డిస్కు ఎర్రగ కాలి ఉన్నప్పుడు బండి ఆపి, పెడలు మీదికెళ్లి కాలు తియ్యకుంట గట్టిగ తొక్కి పట్టిండ్రు. ప్యాడు మసాలా అంటుకుపోయి అచ్చు పడ్డది. ఆ అచ్చు ప్యాడు కిందికి వచ్చినప్పుడల్లా పెడలు కొట్టుకుంటది. దయ్యం గియ్యం ఏం లేదు.”

సుల్తానాబీ బెంచీ మీంచి లేచి వచ్చింది. మోకాళ్ల నొప్పిని లెక్కచేయకుండా నేల మీద కూర్చుని, ఆ నల్లటి మచ్చ మీద వేలు పెట్టింది.

“తొక్కి పట్టిండ్రా?”

“ఆ.”

“అంటే మేలుకొని ఉన్నట్టే గదా, తొక్కినోడు?”

చాంద్ పాషా తల అంతదూరం పోలేదు. మాట పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. అతని మాటకు అంత దూరం కూడా అక్కరలేకపోయింది. సుల్తానాబీ కోడలి వైపు తిరిగింది. గుంజ వైపు కాదు.

“ఇన్నవా తరన్నుమ్? వాడు నిద్రపోలే. బ్రేకు మీద కాలు పెట్టే ఉన్నడు.”

రంజాన్ తర్వాత ఆమె కోడలి పేరు పలకడం అదే మొదటిసారి. తరన్నుమ్ బండి తలుపు పట్టుకుని నిలబడింది. ఆమె ముఖంలో సంతోషం కాకుండా భయం కనబడింది. చాంద్ పాషా అది చూశాడు, కానీ ఆ ఘడియలో దాన్ని దుఃఖం కింద జమ కట్టాడు. సుల్తానాబీ ఏడుస్తూ కోడలి చేయి పట్టుకుని ఆటో ఎక్కింది. కుడి చక్రం విప్పడానికి అతనికి మనసు రాలేదు. పని రేపటికి పెట్టుకుని ఇంటికి పోయాడు. చాలా రోజులకు కడుపునిండా తిన్నాడు.

ఆ రోజే రెండో చక్రం కూడా విప్పి ఉంటే ఎంత బాగుండేదో. సంతోషం మనిషిని సగం పనిలో లేపేస్తుంది.

గురువారం పొద్దున ఇక్రా బడికి పోతూ షెడ్డు ముందు ఆగింది. రాత్రి దాదీ, అమ్మీ ఒకే గిన్నెలో తిన్నారని చెప్పింది. ఒక పొయ్యి చల్లారిందని కూడా చెప్పింది. చాంద్ పాషా ఆ మాటను నెమరేసుకుంటూ కుడి చక్రం విప్పాడు. ప్యాడ్లు లాగాడు. డిస్కు తుడిచాడు. గోరుతో గీశాడు. కొలిచాడు. ఇదీ బాగానే ఉంది, ఎడమదాని కంటే మందంగానే ఉంది.

మందంగా ఎందుకుందో గుర్తొచ్చేసరికి అతని చేయి నిలిచిపోయింది. గుద్దుకున్న రోజు కుడి చక్రం లోపలికి మడతపడింది. ఆ డిస్కు వంకరపోయింది. దాన్ని తీసేసి కొత్త డిస్కు డబ్బాలోంచి తీసి వేసింది తనే. అంటే రెహాన్ ఈ డిస్కును చూడనే లేదు. దీన్ని బిగించేనాటికి అతను మట్టిలో ఉన్నాడు.

చాంద్ పాషా డిస్కును వెలుతురులోకి తిప్పాడు. తిప్పకముందే తెలుసు. అయినా మనసులో ఉండొద్దు ఉండొద్దు అనుకుంటూనే తిప్పాడు. ప్యాడు ఆకారంలో, అంచులు తెగినట్టు, నల్లటి అచ్చు. ఎడమదానికి కవల.

ఎండ రేకుల మీద చిటపటలాడుతోంది. దయ్యమంటే భయపడని మనిషికి ఈ లెక్క చూస్తే భయం వేసింది.

“పాషన్నా, తరన్నుమక్క రాలేదా?”

తల ఎత్తి చూస్తే అంజమ్మ. దోమలపెంటలో చిన్న కొట్టు పెట్టుకున్న చెంచు మనిషి. తరన్నుమ్ తెచ్చే కూరగాయలు సగం దిగేది ఆమె కొట్టులోనే. కన్ను చూపించుకోవడానికి నాగర్‌కర్నూల్ దవాఖానకు వచ్చింది. తిరుగు ప్రయాణం తరన్నుమ్ బండిలో పోదామని వెతుక్కుంటూ వచ్చింది.

“బండి పనిల ఉన్నదమ్మా. ఇంక రెండు మూడు దినాలు పడ్తది.” చాంద్ పాషా ఆమెకు నీళ్లిచ్చి, ఏదో పైపైన అడిగినట్టు అడిగాడు. “నువ్వు ఆమె బండి ఎక్కుతవు గదా. ఘాటుల యాడనన్న ఆపుతదా?”

“ఆపకపోతే? ఆయన పడ్డ మూల మలుపు కాడ ఆపుతది. ఎప్పుడూ ఆపుతది.”

“దిగుతదా?”

“దిగదు. ఇంజను నడుస్తనే ఉంటది. బ్రేకు తొక్కి పట్టుకొని కూసుంటది, పెదవులు ఆడిస్తది. మీ మంత్రమేదో సదువుతది గావచ్చు. కాలు వణుకుతుంటది ఆమెకు. చక్రాల కాడికెళ్లి కాలిన వాసన వస్తుంటది. హ్యాండ్ బ్రేకు ఎయ్యక్కా అని ఒకసారి చెప్పిన. కాలు తీస్తే బండి పోతది అంజమ్మా అన్నది. నేను మల్ల చెప్పలే.”

అంజమ్మ నీళ్లు తాగి బస్సు వెతుక్కుంటూ వెళ్లిపోయింది. చాంద్ పాషా డిస్కు ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఘాటంతా దిగి కాలిన డిస్కుల మీద ప్రతి ట్రిప్పులోనూ అదే చోట ఆ పిల్ల కాలు. రెహాన్ తొక్కాడో లేదో తెలియని బ్రేకును ఆమె తొక్కి పట్టుకుంటోంది. ఆమె పాదాన్ని తిరిగి కొడుతున్నది ఆమె వేసిన అచ్చే. తాను మాత్రం దాన్ని తీసుకుపోయి మేనల్లుడి పేరున రాసి ఇంట్లో పండగ చేయించాడు. అతనికి తన నోటి మీద అసహ్యం వేసింది.

అబద్ధాన్ని బిగించి పంపడం అతనికి రాదు. వదులుగా ఉన్న బోల్టును చూసీ చూడనట్టు వదిలేయడం రానట్టే. సాయంత్రం చేతులు కడుక్కుని అక్క ఇంటికి నడిచాడు. తరన్నుమ్ నూనె తేవడానికి దుకాణానికి పోయింది. సుల్తానాబీ మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

“ఆపా, బుధవారం నేను చెప్పిన మాట...”

“కూసో.”

“ఆ గుర్తు సంగతి. నేను జర తొందరపడ్డ. ఇయ్యాల రెండో చక్రం ఇప్పిన.”

సుల్తానాబీ గింజలు తీయడం ఆపలేదు. “దాని మీద గూడ ఉన్నదా?”

“ఉన్నది.”

ఆమె పళ్లెం పక్కన పెట్టి, వంగి, మంచం కింద నుంచి పాత చీర మూట ఒకటి లాగింది. విప్పితే లోపల ఇనుము. వంకరపోయి, తుప్పు పట్టిన డిస్కు. బండి బాగుచేసిన రోజు చాంద్ పాషా తీసి షెడ్డు మూలకు విసిరేసినది అదే. తర్వాత వెతికితే కనబడలేదు. పాత సామాను వాడు ఎత్తుకుపోయాడనుకున్నాడు.

“ఆనాడే తెచ్చుకున్న,” అంది సుల్తానాబీ. “దీన్ని ఎన్నిసార్లు సూసిన్నో లెక్క లేదు. సూడు, దీని మీద ఏమన్న ఉన్నదా?”

చాంద్ పాషా బొటనవేలితో తుప్పు రుద్దాడు. కింద ఇనుము సాఫుగా ఉంది.

“లేదు.”

“లేదని నాకు తెల్సు. బుధవారం నువ్వు నల్లగున్నది సూపెట్టినప్పుడే యాదికొచ్చింది. కొత్త ప్లేటు నువ్వు డబ్బాల నుంచి తీసినప్పుడు నేను నీ బెంచీ మీదనే కూసున్న. ఎడమ దిక్కు ఎట్లున్నా, కుడి దిక్కు ఇప్పితే అసలు సంగతి బయట పడ్తదని ఎరుకే.”

“ఎరుకుండి గూడ తరన్నుమ్‌తోని గట్ల అన్నవా?”

“ఎరుకుండే అన్న.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. “తప్పు నాదని చెప్పనీకి నాకు నోరు రాలే చాందూ. వాన్ని నేను గూడ ఆపలే. ఆ పొద్దు తలుపుకాడ నిలబడి, పొయిరా బేటా అన్నది నేనే. నా మాట ఎవ్వరు ఇనలేదని, కోడలి మాటనే పట్టుకున్న. పట్టుకున్నది ఇడిసిపెట్టనీకి తొవ్వ దొరకలే. నీ నోట్లెకెళ్లి ఆ మాట వచ్చింది, నేను దాన్ని పట్టుకొని బయటికి వచ్చిన.”

చాంద్ పాషా డిస్కును ఒళ్లో పెట్టుకుని ఏం చేయాలో తెలియక దాని అంచు తడుముతున్నాడు. “గుర్తు లేకపోతే తొక్కలేదన్నట్టు గాదు ఆపా. ఆగి తొక్కి పట్టుకుంటేనే పడ్తది అది. ఉరుకుతున్న బండి బ్రేకు ఎంత తొక్కినా పడదు.”

“మరి ఇది ఏం చెప్తది?”

“ఏం చెప్పదు.”

“అయితే నువ్వు గూడ ఏం చెప్పకు. ఆ పిల్ల ఇన్ని దినాలకు నిన్న రాత్రి నిద్రపోయింది. దాని ముంగట ఆ మాట ఎనకకు తీసుకోకు.”

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. సుల్తానాబీ మూటను మంచం కిందికి తోసి చింతపండు పళ్లెం ఒళ్లోకి లాక్కుంది. తరన్నుమ్ లోపలికి వచ్చి, “మామూ, చాయ్ తాగి పో,” అంది. అతను తాగాడు. చక్కెర వేశారో లేదో కూడా తెలియలేదు.

శుక్రవారం రెండు డిస్కులనూ గోనెలో చుట్టుకుని వనపర్తి పోయాడు. లేత్ మిషను నడిపే నర్సింహులు వాటిని ఒకటొకటిగా మిషను మీద బిగించి తిప్పాడు. పనిముట్టు ముక్కు తగలగానే ఇనుము నుంచి సన్నటి పొడి రాలింది. నల్లటి అచ్చు ముందు గోధుమ రంగు నీడగా మారి, తర్వాత అక్కడక్కడ చుక్కలై, చివరికి మాయమైంది. చాంద్ పాషా కళ్లు తిప్పుకోలేదు. ఎవరో మనిషిని చెరిపేస్తున్నట్టే అనిపించింది. ఆ మాట నర్సింహులుతో అంటే నవ్వుతాడని అనలేదు. మళ్లీ కొలిచాడు. అచ్చు చెరిగినా మందం మిగిలింది. డిస్కులు ఇంకా పనికొస్తాయి.

శనివారం హబ్బుల మీది తుప్పు ఇనుప బ్రష్షుతో రుద్ది, డిస్కులు కూర్చోబెట్టి, ఊగుతున్నాయేమో గేజీ పెట్టి చూశాడు. కాలిపర్ పిన్నులకు గ్రీజు రాసి కొత్త ప్యాడ్లు వేశాడు. పెడలు గట్టిపడేదాకా తొక్కి, తరన్నుమ్‌ను పిలిచి తాళంచెవి ఇచ్చాడు. తాను పక్క సీట్లో కూర్చున్నాడు.

“కొత్త ప్యాడ్లు డిస్కును పట్టాలె. స్పీడు పట్టి, జర గట్టిగ తొక్కి, మెల్లగైనంక ఇడిసిపెట్టు. మొత్తానికి ఆపకు. మల్ల స్పీడు పట్టు.”

ఆమె పాలెం దిక్కు రోడ్డు పట్టింది. పొలాల్లో పత్తి పగిలి ఉంది. తరన్నుమ్ స్పీడు పట్టి బ్రేకు తొక్కింది. బండి నూనె పోసినట్టు మెత్తగా తగ్గింది. మళ్లీ తొక్కింది. మళ్లీ అంతే. స్టీరింగు కదల్లేదు. ఎంత శుభ్రంగా కుదిరిందో అని చాంద్ పాషా అలవాటు కొద్దీ మురిసిపోబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

“వణుకు లేదు మామూ.”

“ఉండదు బిడ్డా. సాఫ్ అయింది.”

ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. “నా కాలే గదా అది?”

ఎదురుగా వస్తున్న పత్తి ట్రాక్టరుకు దారి ఇచ్చి ఆమె తనే చెప్పుకుపోయింది.

“నువ్వు బుధవారం చెప్పంగనే తెల్సింది. ఎర్రగ కాలినప్పుడు తొక్కి పట్టినోళ్లు ఎవ్వరు? నేనే. మీదికెళ్లి కుడిదిక్కుది ఆయన తొక్కని కొత్త ప్లేటు. వాసన వచ్చేది, అయినా కాలు తియ్యబుద్ధి కాకపోయేది. ఆ పెడలు కొట్టుకుంటుంటే ఆయన పక్కనే ఉండి తొక్కుతున్నట్టు ఉండేది మామూ. అందుకే ఇన్ని దినాలు నీ దగ్గరికి తేలే. అత్తమ్మ ఇక్రాతోని చెప్పిచ్చి బలవంతం చేస్తే తెచ్చిన.”

“బిడ్డా...”

“అత్తమ్మకు చెప్పకు. కొడుకు మేలుకొని ఉండె అనుకుంటుంది. అనుకోని. నన్ను పేరు పెట్టి పిలుస్తున్నది ఇప్పుడు.”

చాంద్ పాషా కిటికీ వైపు తిరిగాడు. ఒకే కప్పు కింద ఇద్దరు మనుషులు ఒకరి కోసం ఒకరు ఒకే అబద్ధాన్ని కాస్తున్నారు. ఇద్దరూ చెప్పవద్దన్నది తనకే. చెప్పేస్తే ఇద్దరికీ బరువు దిగుతుందా, లేక ఉన్న ఒక్క ఆసరా పోతుందా, అతనికి తెలియలేదు. ఇనుమైతే కొలిచి చెప్పేవాడు.

“చెప్పనులే,” అన్నాడు. “కానీ ఆ మూల కాడ ఇగ కాలు తొక్కి పట్టకు. గేరుల పెట్టి, హ్యాండ్ బ్రేకు గుంజి, చక్రం కింద రాయి పెట్టు. కిందికి దిగి సదువుకో.”

“అట్లనే.”

ఆమె స్పీడు పట్టింది. తొక్కింది. బండి మెత్తగా తగ్గింది. వదిలింది. వేడెక్కిన కొత్త ప్యాడ్ల వాసన కేబిన్‌లోకి సన్నగా వచ్చింది. తరన్నుమ్ ఆ వాసనను ఒకసారి నిండుగా పీల్చుకుంది.

“మామూ, ఆ గుర్తు మల్ల పడాల్నంటే ఎన్ని ట్రిప్పులు పడ్తది?”

చాంద్ పాషా ఆమె వైపు చూశాడు. ఆమె కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి, కాలు బ్రేకు పెడలు మీద ఆనీ ఆననట్టు ఉంది.

“ఊకెనే అడిగిన,” అంది తరన్నుమ్, బండిని ఇంటి వైపు తిప్పుతూ.